తుపాను రావాలని మొక్కుకున్న వారం

మా హోసూరులో తుపాన్లను ఎవరూ పట్టించుకోరు. సముద్రం మాకు దూరం, పైగా మేముండేది ఎత్తు మీద. మద్రాసులో కార్లు నీళ్ళలో తేలుతుంటే ఇక్కడ రెండు రోజులు ముసురు పడుతుంది, స్వెట్టర్లు బయటికొస్తాయి, గులాబీ తోటల వాళ్ళు ఎండ లేదని తిట్టుకుంటారు, అంతటితో సరి. అలాంటి ఊళ్ళో ఆ ఏడాది ఆయుధపూజకు ముందు వారమంతా టీవీకి అతుక్కుపోయి, బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండమైందా, వాయుగుండం ఇటు తిరిగిందా అని కనిపెట్టుకుని కూర్చున్న మనిషిని బహుశా నేనొక్కణ్ణే. అది రావాలని నా కోరిక. ఎవరి ఇల్లూ కూలకూడదు, ఎవరి ప్రాణానికీ ఏమీ కాకూడదు, పుదుచ్చేరి దగ్గర సముద్రం మాత్రం ఆ సెలవులు నాలుగు రోజులూ మనుషుల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఫ్యాక్టరీ టూల్ రూములో వెంట్రుకవాసి కొలతలతో పనిచేసేవాణ్ణి, తుపానును కూడా కొలత పెట్టి కోరుకున్నాను.

కారణం మా బామ్మర్ది. నా భార్య తమ్ముడు. వాళ్ళది నెల్లూరు వైపు. చదువయ్యాక చాలాకాలం మద్రాసులో ఉద్యోగం చేసి, అంతకు ముందు ఏడాదే మా ఊళ్ళో బ్యాటరీ బండ్లు చేసే ఒక కంపెనీ ఆఫీసుకు మారి, మా పక్క వీధిలో ఇల్లు తీసుకున్నాడు. ఇంకా పెళ్ళి కాలేదు. మంచివాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అతను మంచివాడు కాకపోయుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. తాగడు, మాట తూలడు, మా అమ్మ మోకాళ్ళ నొప్పికి ఎక్కడెక్కడి తైలాలో వెతికి తెస్తాడు. అలాంటి మనిషి మీద అసూయ పడటం ఎంత కష్టమో పడినవాడికే తెలుస్తుంది. పైకి చెప్పుకోవడానికి ఒక్క తప్పూ దొరకదు, కడుపులో మంట మాత్రం ఆరదు.

మద్రాసులో ఉన్నప్పుడే అతనికి పడవ పిచ్చి పట్టింది. మోటారు పడవ కాదు, తెరచాప పడవ. ఇద్దరు ముగ్గురు పట్టేంత చిన్నది. పుదుచ్చేరి దగ్గర వాటిని అద్దెకిచ్చే క్లబ్బు ఒకటుందట, వీలైనప్పుడల్లా పోయి వస్తాడు. తిరిగొచ్చేటప్పుడు ముక్కు మీద తోలు ఊడి, అరచేతుల్లో తాడు ఒరుసుకున్న గీతలతో మా ఇంట్లో అడుగు పెడతాడు. మా పాప ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూస్తుంది. నా చేతుల మీదా గీతలున్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఇనుము గీసిన గీతలవి. వాటిని ఎవరూ తిప్పి చూసిన పాపాన పోలేదు.

పాపకు అప్పుడు పన్నెండేళ్ళు. మాకు ఒక్కతే బిడ్డ. అతను మా పక్క వీధిలోకి వచ్చినప్పటి నుంచి ఆ పిల్లకు లోకంలో ఇంకో మనిషి కనబడటం మానేశాడు. మామ చెప్పిందే మాట, మామ తిన్నదే కూర. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, మాది పక్క వీధి పుల్లకూర. పడవలో తాళ్ళకు వేసే ముళ్ళన్నీ మామ నేర్పాడని ఇల్లంతా ముళ్ళు వేసింది. బట్టల తీగకు, కిటికీ కర్టెనుకు, మంచం కోడుకు. ఒకరోజు నా టిఫిను సంచికి కూడా వేసింది. క్యాంటీనులో కూర్చుని దాన్ని ఎంతసేపు లాగినా రాలేదు. పక్కనున్నతను తీసుకుని చూసి, "ఎవరప్పా కట్టింది, బలేగుంది ముడి" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నేను మాత్రం ఆ పిల్లకు నీళ్ళు చూపించలేదా. ఆమె చిన్నప్పుడు ఒక ఆదివారం బండి మీద కృష్ణగిరి డ్యామ్‌కు తీసుకుపోయాను. గట్టు మీద నిలబెడితే, అవతలి ఒడ్డు కనిపించక, "నాన్నా, ఇదేనా సముద్రం?" అని అడిగింది. అప్పటికి నేను సముద్రాన్ని ఒక్కసారే చూశాను, మెరీనా బీచిలో, ప్యాంటు మడిచి చీలమండల దాకా. "ఇంచుమించు ఇట్లనే ఉంటుంది పాపా" అన్నాను. తర్వాత అక్కడే వేయించి అమ్మే చేపలు కొనిచ్చాను, ముల్లు తీసి పెడితే తిన్నది. చాలాకాలం ఆమెకు అదే సముద్రం. మొదటిసారి మామ తీసుకుపోయి అసలు సముద్రం చూపించాక ఇంటికొచ్చి నాతో అన్న మాట ఒక్కటే. "డ్యామ్ చాలా చిన్నది నాన్నా." ఆమె నన్ను తప్పుపట్టలేదు, ఉన్నమాట చెప్పింది. అయినా నాకు ఒళ్ళు మండింది.

అసలు ఈ మేనమామ అనే పదవిని పెట్టినవాళ్ళను అనాలి. పిల్లకు పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టారు? మేనమామ ఒళ్ళో. చెవులు కుట్టించేటప్పుడు? మళ్ళీ ఆ ఒళ్ళోనే. సూది గుచ్చగానే పిల్ల గుక్కపట్టి ఏడిస్తే నేను చేతులు చాపి ముందుకు పోయాను. మా అమ్మ నా మోచెయ్యి పట్టి ఆపి, "నువ్వు పక్కకు నిలబడు నాయనా, మామ ఉండాడు గదా" అంది. అప్పుడు అతను కాలేజీ కుర్రాడు. పిల్లను ఎత్తుకోవడం కూడా సరిగ్గా రాదు. అయినా వాడే పట్టుకున్నాడు, నేను పక్కకు నిలబడ్డాను. నా అసూయకు అంత వయసుంది.

నాకంటూ మిగిలింది ఏడాదికి ఒక్క రోజు. ఆయుధపూజ. మా ఫ్యాక్టరీలో ఆ రోజు ఇంటివాళ్ళను లోపలికి రానిస్తారు. ముందు రోజు మిషన్లన్నీ కిరోసినుతో తుడిచి, నేల కడిగి, తోరణాలు కడతాం. ఏడాది పొడుగునా చెవులు చిల్లులు పడే షెడ్డు ఆ ఒక్క పూట గుడిలా ఉంటుంది. టూల్ రూములో నేను నడిపే గ్రైండింగ్ మిషనుకు గంధం పూసి బొట్టు పెట్టేది మా పాప. ఐదేళ్ళప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఆమే. మొదట్లో అందకపోతే ఎత్తుకునేవాణ్ణి. ఇంట్లో పిల్లి వీధిలో పులి అని సామెత ఎవరి కోసం పుట్టిందో గానీ నాకు సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో నా మాటను మా పెంపుడు కుక్క కూడా వినదు. అక్కడ మాత్రం అచ్చు వేసే డై సరిగ్గా కూర్చోకపోతే పెద్ద ఇంజనీరు కూడా నా దగ్గరికే వస్తాడు. అది నా బిడ్డ చూసేది ఆ ఒక్క రోజే. ఎనిమిదేళ్ళప్పుడు ఆమె తల వెంట్రుక ఒకటి తీసి మైక్రోమీటరులో పెట్టి దాని మందం చూపించాను. ఇంటికి పోయేదాకా ఆ వెంట్రుకను గుప్పిట్లోనే పెట్టుకుంది. ఆ చూపు నాకు ఏడాదికి సరిపోయేది.

ఆ సంవత్సరం ఆయుధపూజ గురువారం పడింది. శుక్రవారం దశమి, తర్వాత శనాదివారాలు. నాలుగు రోజులు వరస సెలవు. ముందు ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తూ బామ్మర్ది చల్లగా చెప్పాడు. "బావా, బుధవారం సాయంత్రం పాపను తీసుకుని బయల్దేరతా. కృష్ణగిరి దాటి తిరువణ్ణామలై మీదుగా పోతే గురువారం తెల్లారేటప్పటికి పుదుచ్చేరి. మూడు రోజులు పడవలోనే. ఈసారి చుక్కాని దాని చేతికే ఇస్తా." పాప మొహం చూడాల్సింది. పెళ్ళిళ్ళలో వేసే సీరియల్ బల్బుల్లా ఒక్కసారిగా వెలిగింది.

గురువారం అన్న మాట అతని నోట్లోంచి వచ్చినప్పుడు కలిపిన ముద్దను కంచంలోనే పెట్టేశాను. పాప నా వైపు చూసింది. ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలుసు. అప్పుడైనా 'గురువారం మనకు పూజ కదమ్మా' అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. నేను అనలేదు. నాకు అట్లాంటి మాటలు రావు. "పోయి రా, ఫ్యాక్టరీలో ఏముంది, యా ఏడు చూసినా అదే ఇనుము" అన్నాను. "నాకోసం ఎవరూ ఆగాల్సిన పన్లేదు" అని కూడా అన్నాను. నా భార్య నా కంచంలోకి మజ్జిగ పోస్తూ, "మిమ్మల్ని ఎవరేమన్నారు ఇప్పుడు" అంది. ఎవరూ ఏమీ అనలేదు. అదే నా బాధ.

ఆ రాత్రి వార్తల్లో మొదటిసారి చెప్పారు, బంగాళాఖాతంలో అల్పపీడనం అని.

సోమవారం డ్యూటీకి పోతూ, మా ఊరి కొండ మీద ఈశ్వరుడి గుడి కనిపించే చోట బండి ఆపాను. చెప్పులు విడిచి, గుడి వైపు తిరిగి, తుపాను ఇటు వస్తే కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాను. వర్షం కోసం మొక్కుకునేవాళ్ళను ఈశ్వరుడు చాలామందిని చూసుంటాడు. బిడ్డను ఒక పూట ఇంట్లో ఉంచుకోవడానికి సముద్రాన్ని కదిలించమన్నవాణ్ణి చూసుండడు. సాయంత్రం ఇంటికొస్తే పాప లేదు. మామ ఇంటికి పోయిందట, ఏదో మాట్లాడాలట. దీపాలు పెట్టాక వచ్చింది. "ఏం మాట్లాడినారు అంతసేపు?" అని అడిగితే "పడవ గురించి నాన్నా" అంది. ఇంకేముంటుంది అనుకున్నాను.

మంగళవారం ఫ్యాక్టరీ పూజకు పూలు కావాలని నన్ను కృష్ణగిరికి పంపారు. బస్టాండు దగ్గర బస్తాలకు బస్తాలు చామంతులు, రోడ్డు పక్కన కొండలా గుమ్మడికాయలు. పైన మబ్బు కమ్ముకుంది. పూలు తడుస్తాయని అమ్మేవాళ్ళు టార్పాలిన్లు కప్పుకుంటున్నారు. ఆ మబ్బును చూసి సంతోషించింది ఆ బజారులో నేనొక్కణ్ణే. టీ అంగట్లో టీవీ పెట్టుంటే పోయి దాని ముందు నిలబడ్డాను. వాయుగుండం బలపడుతోందని, జాలర్లు ఒడ్డుకు వచ్చెయ్యాలని చెబుతున్నారు. నేను గ్లాసు చేతిలో పట్టుకుని రెప్పవేయకుండా చూస్తున్నాను. టీ చల్లారిపోయింది. అంగడతను నన్ను గమనించి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"ఏమప్పా, మీవోళ్ళు ఎవరైనా సముద్రంలోకి పోయినారా?"

"లేదప్పా, పోయేట్టు ఉండారు."

"భయపడొద్దు. ఇంత చెప్పినాక ఎవరు పోతారు. దేవుడు ఉండాడు." అని నా చేతిలో చల్లారిన టీ తీసుకుని, పారబోసి, వేడిగా ఇంకో గ్లాసు ఇచ్చాడు. ఆ జాలిని నేను గుటకలేసి తాగాను. ఏం చెప్పమంటారు.

బుధవారం మధ్యాహ్నానికే మా ఊళ్ళో గాలి మారింది. సన్నగా చినుకు మొదలైంది. నేను ఇంటికి వచ్చేసరికి మా అమ్మ పూజ మూల సర్దుతోంది. మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మావాళ్ళు హోసూరు దగ్గర అత్తిముగం పక్కన పల్లెలో తరాల తరబడి సేద్యం చేసినవాళ్ళు. ఆయుధపూజకు ముందు రోజు దీపం పెట్టే వేళ కొడవళ్ళు, నాగలి మేడితోక, కొలతబద్దలు దేవుడి ముందు పెట్టేవారు. దశమి పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా వాటిని ఎవరూ ఎత్తకూడదు, కదపకూడదు. ఇప్పుడు కొడవళ్ళ బదులు నేను కొలతలు తీసే వెర్నియరు, స్పానర్లు, పాప పుస్తకాలు పెడతాం. ఆ విషయంలో మా అమ్మ యముడి లాంటిది. ఒక ఏడాది పాప లెక్కల పుస్తకం పొరపాటున ఆ పుస్తకాల్లో కలిసిపోతే, దశమి దాకా హోమ్ వర్క్ లేదు. పాపకు ఆ ఏడాది దేవుడి మీద భక్తి బాగా కుదిరింది.

నా వెర్నియరును పసుపు బట్టలో చుట్టి పెడుతుండగా బామ్మర్ది వచ్చాడు. భుజాన పెద్ద సంచి. పాప ఎదురు పోయి సంచి అందుకుని, నేరుగా పూజ మూలకు తెచ్చి, జిప్పు తీసి ఒక్కొక్కటే బయట పెట్టింది. తాళ్ళ చుట్టలు, వేళ్ళు తెగిన చేతి తొడుగులు, అతని లైఫ్ జాకెట్టు, దాని పక్కన ఇంకో చిన్న లైఫ్ జాకెట్టు, ఇంకా ధర అట్టముక్క కూడా ఊడనిది. ఆమె కోసం కొన్నది. అన్నీ వరుసగా నా వెర్నియరు పక్కన పేర్చింది. పక్కన కూడా కాదు, కాస్త ముందుకు.

"ఇవీ ఆయుధాలే గదా అవ్వా. పూజలో పెట్టొచ్చు గదా?" అంది పాప.

"పెట్టొచ్చు తల్లీ. మనిషిని కాపాడేది ఏదైనా ఆయుధమే. ఈడ పెట్టు, కాలు తగలకుండా." అంటూ మా అమ్మ ఆ నారింజ రంగు జాకెట్ల మీద గంధం పూసి, ఎర్రగా బొట్టు పెట్టింది. పుదుచ్చేరి సముద్రం వచ్చి మా ఇంటి దేవుడి ముందు కూర్చుంది.

నేను అగ్గి మీద గుగ్గిలం అయ్యుండాల్సింది. కాలేదు. లోపల్లోపల నవ్వుకున్నాను. ఎందుకంటే బామ్మర్దికి మా ఇంటి పద్ధతి తెలియదు. పూజలో పెట్టిన సామాను శుక్రవారం దాకా మా అమ్మ ముట్టుకోనివ్వదు. ఆ రాత్రి భోజనం చేసి సంచి కోసం చెయ్యి చాపుతాడు, మా అమ్మ అడ్డంగా నిలబడుతుంది, ప్రయాణం ఆగిపోతుంది. నా నోటితో ఒక్క మాట అనక్కర్లేదు. తుపాను ఒకవేళ దారి తప్పినా మా అమ్మ దారి తప్పదు. పాపకు మాత్రం పద్ధతి తెలుసు కదా, మరి ఎందుకు పెట్టింది అని ఒక క్షణం అనిపించింది. మామ మోజులో మరిచిపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

కానీ అతను సంచి కోసం చెయ్యి చాపలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, పాప ముందు నేల మీద కూర్చున్నాడు.

"పాపా, ఈ సెలవుల్లో మనం పోవడంలా. తుపాను తీరం దాటేదానికి ముందే నీళ్ళు తిరగబడతాయి. క్లబ్బువాళ్ళు పడవలన్నీ పైకి లాగేసినారు. వాళ్ళు లాగకపోయినా నేను తీసుకుపోను. నిన్ను పెట్టుకుని అసలు పోను."

నేను పాప వంక చూశాను. ఏడుస్తుందనుకున్నాను, అలుగుతుందనుకున్నాను. నేను సినిమాకు వద్దన్నా, ఐస్ క్రీం వద్దన్నా ఒక పూటంతా వాదించే పిల్ల. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి. "సరే మామా" అంది. అంతే. ఒక్క ఎందుకూ లేదు, ఒక్క ఊహూ లేదు.

తుపాను వచ్చింది. నా మొక్కు ఫలించింది. ప్రయాణం ఆగింది. నేను ఆ పూట ఊళ్ళోకెల్లా సంతోషంగా ఉండాల్సిన మనిషిని. కానీ ఆ 'సరే' నాకు గుచ్చుకుంది. వద్దనడంలో కూడా అతను నన్ను మించిపోయాడు. నా భార్య గిన్నెలు తీస్తూ, "పాపం, బిడ్డ ఎంత ఆశ పెట్టుకుందో, ఎవరి దిష్టి తగిలిందో" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే "నన్నెందుకు అంటావు?" అన్నాను. ఆమె గిన్నెలు పట్టుకుని ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"రేపు నాన్న ఫ్యాక్టరీలో పూజ. నువ్వూ రా మామా" అంది పాప కళ్ళు తుడుచుకుంటూ. అతను నా వైపు తిరిగి, "రావచ్చా బావా?" అన్నాడు. "దానికేమప్పా, రా" అన్నాను. ఏడాదికి నాకున్నది ఒక్క రోజు, దానికి కూడా అతన్ని పిలుచుకుంది.

గురువారం పొద్దున ముసురులోనే పోయాం. షెడ్డులో మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. రేకుల మీద చినుకుల చప్పుడు స్పష్టంగా వినిపించింది, మామూలు రోజుల్లో పిడుగు పడ్డా మాకు తెలియదు. అందరూ తెల్లచొక్కాలు వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళివారిలా ఉన్నారు. "పాప వచ్చిందా అన్నా" అని ప్రతి ఏడాదీ అడిగినట్టే అడిగారు. తర్వాత బామ్మర్ది చుట్టూ చేరారు. సముద్రంలో తెరచాప పడవ నడుపుతాడట అని ఎవరో అన్నారు. ఇంక చూసుకోండి. గాలి ఎదురొస్తే ఎట్లా పోతారని ఒకరు, మునిగిపోదా అని ఒకరు. మా పెద్ద ఇంజనీరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆయన నా మిషను దగ్గరికి వచ్చినప్పుడల్లా నాతోనే మాట్లాడేవాడు. ఆ రోజు నా మిషనుకు ఆనుకుని బామ్మర్దితో మాట్లాడాడు.

పాప మాత్రం పని మీద ఉంది. గంధం గిన్నె తీసుకుని, ముందు స్విచ్చుల దగ్గర, తర్వాత చక్రం మూత మీద, చివర చేతిపిడి మీద పూసింది. ఏ ఏడాదీ ఆ వరుస మార్చలేదు. ఎత్తుకోవాల్సిన అవసరం ఎప్పుడో పోయింది. ఇప్పుడు పై భాగానికి మునివేళ్ళ మీద నిలబడక్కర్లేదు కూడా. బొట్టు పెట్టి, వెనక్కి జరిగి, సరిగ్గా ఉందో లేదో తల వంచి చూసుకుంది. నేను కొలత చూసుకునేటప్పుడు తల అలాగే వంచుతానని మావాళ్ళు అంటారు. అది చూసి నా మంట కాస్త చల్లబడింది. అంతలో అరటి పిలక నిలబడటం లేదని ఎవరో అంటే, ఆమె ఒక తాడు తీసుకుని దాన్ని నా మిషను కాలికి బిగించి కట్టింది. చక్కగా నిలబడింది. చూస్తే మామ నేర్పిన ముడి. నా మిషను మీద కూడా అతని ముడే.

హారతి అయింది. వాకిట్లో గుమ్మడికాయ పగలగొట్టారు. బొరుగులు, శనగలు, మిఠాయి పంచుతున్నారని పాప లైనులోకి పరిగెత్తింది. నేనూ బామ్మర్దీ మిషను పక్కన ఇద్దరమే మిగిలాం. అతను గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక మాట చెప్తా బావా. నేను చెప్పినట్టు పాపకు చెప్పబాక."

"ఏంది?"

"తుపాను రాకపోయినా మేం నిన్న పోయేవాళ్ళం కాదు. రేపు పొద్దున పోదామని మార్చుకున్నాం."

"ఎందుకు?"

"సోమవారం సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పింది. గురువారం నాన్న మిషనుకు నేను బొట్టు పెట్టాల, అది అయినాకనే సముద్రం అని."

"ఆ మాట నాకు చెప్పొచ్చు గదప్పా" అన్నాను.

"నేనూ అదే అన్నా. నాన్నకు చెప్తే ఒప్పుకోడు మామా, నాకోసం ఎవరూ ఆగక్కర్లేదు, పో పో అని తరుముతాడు అనింది. అందుకే నా సామాను మీ ఇంట్లో పూజకు పెట్టించింది. ఒకసారి పెడితే దశమి దాకా అవ్వ ఎత్తనీదంట. అప్పుడు నాన్న కోసం ఆగినట్టు ఉండదు, అవ్వ ఆపినట్టు ఉంటది అనింది. మీ ఇంటి పద్ధతులు నాకేం తెలుసు బావా. ఆలోచనంతా ఆ పిల్లదే."

నేను మిషను పిడి పట్టుకున్నాను. తడి గంధం అరచేతికి అంటుకుంది. నాకు ఏడుపొచ్చింది, అతని ముందు కాబట్టి ఆపుకున్నాను. నా రోజును ఆ పిల్ల నాకు ముందే పక్కన తీసిపెట్టి ఉంచింది. తుపాను వచ్చి నాకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు, ఆమె సముద్రానికి పోవాల్సిన శుక్రవారాన్ని మాత్రం పట్టుకుపోయింది. నేను అడగలేనని ఆమెకు తెలుసు, ఇస్తే తీసుకోలేనని కూడా తెలుసు. పన్నెండేళ్ళకే నన్ను అంత లోతుగా కొలిచి పెట్టుకుంది.

ఇంతా తెలిశాక నా మనసు కుదుటపడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె ఆగింది నా కోసం. నిజమే. కానీ ఆ మాట చెప్పుకున్నది అతనికి. నా పిచ్చి, నా పంతం, నేను ఎప్పుడు ఏమంటానో అంతా వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నా బిడ్డ మనసులో నేనెట్లా ఉన్నానో లోకంలో తెలిసిన మనిషి ఒక్కడే, వాడు నా పక్కన నిలబడి రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"నా గురించి ఇంకా ఏమేం చెప్తుందప్పా నీకు?" అని అడిగాను. నవ్వుతూ అడగాలనుకున్నాను, నవ్వు రాలేదు.

అతను కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను చూశాడు. "అది నీకు చెప్తే రేపటి నుంచి నాకు ఏమీ చెప్పదు బావా" అన్నాడు.

అంతలో పాప వచ్చింది, రెండు చేతుల్లో రెండు బొరుగుల పొట్లాలతో. ఒకటి నాకిచ్చింది, ఒకటి వాళ్ళ మామకిచ్చింది. ఏది పెద్దదా అని చూసుకున్నాను. నాది కొలతకు అలవాటు పడిన కన్ను. రెండూ సరిసమానంగా ఉన్నాయి. తండ్రిని కదా, నాది కాస్త పెద్దదిగా ఉండాల్సింది.